కదిలే బొమ్మ కోసం: 18వ శతాబ్దపు ఇంగ్లీషు కవులు, పెయింటర్లు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే. ప్రొజెక్టర్ మొరాయించిందంటున్నారు, బొమ్మల గురించి మాట్లాడే రోజే బొమ్మలు లేవు. పర్లేదు, ఒకరకంగా మంచిదే అయింది, ఎందుకంటే నేను చెప్పబోయే కవుల పని కూడా అదే కదా, ఎదురుగా బొమ్మ లేకుండా ఒట్టి మాటల్తో చూపించడం.

మనవాళ్ళకి ఇంగ్లీషు కవిత్వం అనగానే వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ గుర్తొస్తారు, మన భావకవులు ఎక్కువగా తెచ్చుకున్నది కూడా వాళ్ళ దగ్గర్నుంచే. వాళ్ళకి ముందు వందేళ్ళు ఉన్నాయి, దాన్ని మనం పొడి కాలం కింద లెక్కేసి పక్కన పెట్టేస్తాం, అంతా నీతులు, వెటకారాలు, టకటకమనే ద్విపదలు అని. నేను కూడా చదువుకునేటప్పుడు అలాగే దాటేశాను, పరీక్షకి రెండు పేజీలు బట్టీపట్టి వదిలేశాను. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ తెరిస్తే అసలు సంగతి అర్థమైంది, వీళ్ళు చూడ్డం నేర్చుకుంటున్న మనుషులు, అది కూడా పెయింటర్ల దగ్గర నేర్చుకుంటున్నారు. నేర్చుకుని ఏం చేశారన్నదే నా గొడవ. పెయింటర్ చేసేదే మాటల్లో చేశారు అని చాలామంది చెప్తారు. నాకేమో వాళ్ళు బొమ్మని తీసుకుని దాన్ని కదిలించడానికి చూశారు అనిపిస్తుంది, పద్యం బాగా కుదిరిన ప్రతిచోటా బొమ్మ కదులుతుంది, కుదరని చోట గోడకి వేలాడుతూ ఉంటుంది.

ముందు ఒక చిన్న తిరకాసు చెప్పాలి. హోరెస్ అని లాటిన్ కవి, ఆయన మాట ఒకటి ఉంది, ఉట్ పిక్తూరా పొయేసిస్, అంటే బొమ్మ ఎలాగో కవిత్వమూ అలాగే అని. దీన్ని పట్టుకుని యూరప్ అంతా కవిత్వం, చిత్రకళ అక్కచెల్లెళ్ళు అని శాసనం రాసుకుంది. ఆయన చెప్పింది చూస్తే చాలా మామూలు సంగతి, కొన్ని బొమ్మలు దగ్గర్నుంచి బాగుంటాయి, కొన్ని దూరం నుంచి, కొన్ని ఒకసారి చూస్తే చాలు, కొన్ని పదిసార్లు చూసినా బాగుంటాయి, కవిత్వమూ అంతే అన్నాడు. అంతే ఆయన పాపం. మన దగ్గరా సామెతలకి ఇదే గతి పడుతుంది, ముందూ వెనకా ఊడిపోయి మధ్య ముక్క వేదవాక్యం అయిపోతుంది. 1695లో డ్రైడెన్ అప్పట్లో పెద్ద కవి, దుఫ్రెన్వా అనే ఫ్రెంచి పెయింటర్ చిత్రకళ మీద లాటిన్‌లో రాసిన పద్యాన్ని ఇంగ్లీషులోకి వచనంగా తెచ్చి, ఈ రెండు కళల పోలిక మీద పొడుగాటి ముందుమాట రాశాడు. అక్కణ్ణుంచి ఇంగ్లండులో ఇది ఫ్యాషన్ అయింది.

ఫ్యాషన్ ఊరికే రాదు కదా. డబ్బున్న కుర్రాళ్ళు చదువు పేరుతో ఇటలీ వెళ్ళేవాళ్ళు, వస్తూ వస్తూ క్లాడ్ లొరేన్ అనే పెయింటర్ వేసిన ప్రకృతి దృశ్యాల బొమ్మలో, లేకపోతే వాటిని చూసి చెక్కిన ప్రింట్లో తెచ్చుకునేవాళ్ళు. ఇంకోవైపు లాక్ అనే తత్వవేత్త మనసంటే దాదాపు చీకటి గది లాంటిది, చిన్న కన్నంలోంచి బయటి వస్తువుల నీడలు లోపలికి వస్తాయి అని రాసి పెట్టాడు. 1712లో అడిసన్ తన పత్రికలో వరసగా వ్యాసాలు రాస్తూ ఇంద్రియాలన్నిటిలోకీ చూపే గొప్పది, ఊహ అనేది చూపులోంచే పుడుతుంది అన్నాడు. ఇక కవి ఏం చేస్తాడు చెప్పండి? కన్ను తెరుచుకుని పెయింటర్ ఇంటికి వెళ్ళాడు.

ఇది అలంకారంగా అనట్లేదు, నిజంగానే వెళ్ళాడు. అలెగ్జాండర్ పోప్ 1713లో లండన్‌లో చార్ల్స్ జెర్వస్ అనే పెయింటర్ ఇంట్లో ఉండి బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఆ ఆగస్టులో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో లెక్క చెప్తాడు, ముగ్గురు స్విఫ్టుల్ని (రచయిత స్విఫ్ట్ బొమ్మలు మూడు అన్నమాట), ఇద్దరు డచెస్‌లని, ఒక కన్య మరియమ్మని, ఇంగ్లండు రాణిగారిని, ఇంకా అరడజను మందికి పైగా ప్రభువుల్ని అవతల పారేశాను అని. (నవ్వులు) అంటే వేసినవన్నీ చెడిపోయాయి అన్నమాట. బొమ్మలు రాలేదు గానీ కన్ను వచ్చింది అని చాలామంది రాస్తారు, నేను మాత్రం ఆ కన్ను ముందే ఉంది అంటాను, ఎందుకంటే అదే ఏడాది మార్చిలో, ఈ పాఠాలు ఒక దారిన పడకముందే, విండ్సర్ ఫారెస్ట్ పద్యం అచ్చయిపోయింది. అందులో ఫెజెంట్ అనే పక్షి వస్తుంది, మన నెమలికి చుట్టం అది. పొదలోంచి రెక్కలు టపటపలాడించుకుంటూ లేస్తుంది, గర్వంగా పైకెగురుతుంది, తుపాకీ పేలుతుంది, రక్తంలో కొట్టుకుంటూ నేలకి రెక్కలేసి బాదుతుంది. అప్పుడు, అది కింద పడ్డాక, కవి రంగులు చెప్తాడు. ఊదారంగు కొప్పు, కంటి చుట్టూ ఎర్రటి వలయం, మెరిసే ఆకుపచ్చ ఈకలు, బంగారు మంట లాంటి రొమ్ము, ఇవన్నీ ఉండి ఏం లాభం అని అడుగుతాడు.

ఇక్కడ వరస చూడండి. పెయింటర్‌కి ఈ వరస ఉండదు. కాన్వాసు మీద పక్షీ రంగులూ ఒకేసారి వచ్చేస్తాయి, చచ్చిన పక్షిని వేస్తే అది మొదట్నుంచీ చచ్చిపోయే ఉంటుంది. పోప్ మనల్ని ముందు ఎగరనిచ్చి, రంగులు చూసే తీరిక పక్షి కదలడం మానేశాకే ఇచ్చాడు. అందం తెలిసేసరికి అది ఆరిపోతోంది. ఎనిమిది పంక్తుల్లో ఇంత పని జరుగుతుంది, ఇలాంటివాణ్ణి మనం పొడి కవి అన్నాం.

తర్వాత కొన్నేళ్ళకి పోప్ ట్వికెన్‌హామ్‌లో థేమ్స్ నది ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. ఇంటికీ తోటకీ మధ్య పెద్ద రోడ్డు అడ్డం, దాని కింద సొరంగం తవ్వించి గుహలాగా చేయించుకున్నాడు, గోడలకి గవ్వలు, అద్దం ముక్కలు. 1725లో ఒక మిత్రుడికి రాస్తాడు, ఈ గుహ తలుపులు మూసేస్తే అదే క్షణంలో కెమెరా అబ్స్క్యూరా అయిపోతుంది, నది, కొండలు, చెట్లు, పడవలు అన్నీ గోడల మీద కదిలే బొమ్మలా వస్తాయి అని. కదిలే బొమ్మ అన్నాడు మహానుభావుడు, సినిమా పుట్టడానికి నూట డెబ్భై ఏళ్ళ ముందు! లాక్ పోలికగా చెప్పిన చీకటి గదిని ఈయన ఇంట్లో కట్టించుకుని కూర్చున్నాడు. నాకు ఆ శతాబ్దం మొత్తానికి అదే గుర్తు, ఒక పొట్టి మనిషి తలుపులేసుకుని చీకట్లో కూర్చుని గోడ మీద పడవలు వెళ్ళడం చూస్తున్నాడు. 1735లో ఆడవాళ్ళ మీద రాసిన పద్యంలో కూడా పెయింటర్ వేషం కట్టి, రంగులు కలపండి, కుంచె ఇంద్రధనుస్సులో ముంచండి, గట్టి మబ్బు ఒకటి కరిగిపోకముందే పట్టుకోండి, ఆవిడ మారిపోయేలోపు ఈ నిమిషపు చంద్రికని అందులో ఎక్కించండి అంటాడు. ఆడవాళ్ళ మీద వెటకారం ఉంది, ఒప్పుకుంటాను, అది నాకూ నచ్చదు, కానీ ఈ నిమిషపు అన్నాడే, ఆ మాట దగ్గర వెటకారం దాటిపోయింది.

ఇప్పుడు జాన్ డయ్యర్. ఈయన వేల్స్ మనిషి, కవి కూడా పెయింటర్ కూడా, జొనాథన్ రిచర్డ్‌సన్ దగ్గర పని నేర్చుకుని ఇటలీ వెళ్ళొచ్చాడు. 1726లో గ్రాంగర్ హిల్ అని చిన్న పద్యం వేశాడు, తన ఊరి దగ్గర కొండ. మొదట్లోనే చిత్రకళని పిలుస్తాడు, నువ్వు కూడా వచ్చి నీ అక్కకి సాయం చెయ్యి అన్న ధోరణిలో. చెట్లని ఎలా చెప్తాడంటే నీలి పాప్లర్, పసుపు బీచ్, నల్లటి యూ అని వరసగా, రంగుల పలక చేతిలో ఉన్నవాడు మాట్లాడే పద్ధతి అది. ఇంతవరకే అయితే నేను ఈయన పేరెత్తేవాణ్ణి కాదు. కొండ ఎక్కుతున్నాడు కదా, ఎక్కేకొద్దీ దృశ్యం వెడల్పవుతూ పోతుంది, ఇంకా వెడల్పవుతుంది, వెడల్పవుతుంది ఇంకా అని అదే మాట తిరగేసి మళ్ళీ వాడతాడు, ఇప్పుడే లేచి నిలబడ్డ కొండ కాస్తా కిందకి దిగిపోయింది అంటాడు. మనిషి పైకెక్కుతుంటే పక్క కొండ కుంగిపోవడం! తిరుమల మెట్లెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఏ కాన్వాసు మీదైనా కొండ ఎంతుందో అంతే ఉంటుంది.

తమాషా ఏంటంటే దీన్నే తప్పు పట్టిన పెద్దమనిషి ఉన్నాడు, విలియం గిల్పిన్. దృశ్యాలు ఎలా చూడాలో రూల్సు పెట్టి ప్రయాణాల పుస్తకాలు రాశాడు, వై నది మీద పుస్తకం 1782లో వచ్చింది. డయ్యర్ గారి పద్యంలో దూరంగా ఉండాల్సిన కోట మీద పాకే ఐవీ తీగ కూడా కనపడుతోంది, దూరం దూరంలా లేదు, ముందుభాగంలో వేసినంత గట్టిగా వేశాడు, ఇది తప్పు అంటాడు. బొమ్మకి తప్పే, దూరం మసకగా ఉండాలి. మనసుకి తప్పెలా అవుతుందండీ? ఊరి కోట అది, చిన్నప్పట్నుంచీ చూసిన గోడ, దాని మీద తీగ ఉందని ఆయనకి తెలుసు, ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. మీ అమ్మ వీధి చివర నడిచొస్తుంటే మొహం కనపడకముందే గుర్తుపడతారు కదా. గిల్పిన్ గారి రూల్సు ఎంతవరకు వెళ్ళాయంటే, టింటర్న్ అని పాడుపడ్డ మఠం ఉంది, దాని గోడల కొనలు మరీ తిన్నగా ఉన్నాయి, ఎవరైనా సుత్తి తీసుకుని తెలివిగా అక్కడక్కడ కొడితే బాగుంటుంది, కానీ ఆ ధైర్యం ఎవరికుంది అని రాశాడు. బొమ్మకి తగ్గట్టు లోకాన్ని పగలగొట్టడం అన్నమాట. మనం ఫోటోకి అడ్డమొచ్చిందని కొమ్మ విరిచేస్తాం చూడండి, అదే రోగం.

ఇంకో వస్తువు, క్లాడ్ అద్దం. జేబులో పట్టేంత కుంభాకారపు అద్దం, నల్లటి రంగు ఉంటుంది. మంచి దృశ్యం కనపడగానే దానికి వీపు పెట్టి నిలబడి ఈ అద్దంలో చూసేవాళ్ళు, దాంతో అన్నీ చిన్నగా దగ్గరకొచ్చి, రంగులు మెత్తబడి క్లాడ్ లొరేన్ పెయింటింగ్‌లా కనపడేవి. సెల్ఫీ వాళ్ళని తిట్టేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి. థామస్ గ్రే 1769 అక్టోబరులో ఇంగ్లండు సరస్సుల ప్రాంతానికి వెళ్ళాడు ఈ అద్దం పట్టుకుని, ఒక బురద సందులో వెల్లకిలా పడ్డాడు, అద్దం తెరిచి చేతిలోనే ఉంది, వేలి కణుపులు తప్ప ఏమీ విరగలేదు, అయినా అక్కడే ఉండి సూర్యాస్తమయం చూశాను అని డైరీలో తనే రాసుకున్నాడు.

ఈ గ్రే గారే 1751లో ఎలిజీ అచ్చు వేశారు, ఊరి స్మశానం పద్యం, ఇంగ్లీషు చదివిన మన పాతతరం వాళ్ళలో చాలామందికి మొదటి చరణం నోటికొచ్చు. నేను దాన్ని ఎన్నోసార్లు పాఠం చెప్పాను, చెప్పినన్నాళ్ళూ అందమైన సాయంత్రపు చిత్రం అనే చెప్పాను, అది తప్పు. మళ్ళీ చదవండి. గంట మోగుతుంది, పశువులు అరుచుకుంటూ పోతాయి, రైతు ఇంటికి పోతాడు, లోకాన్ని చీకటికీ నాకూ వదిలేశాడు అంటాడు. రెండో చరణం మొదట్లోనే మినుకుమినుకుమంటున్న దృశ్యం కళ్ళ ముందునుంచి వెలిసిపోతుంది. ఆ తర్వాత ఉన్నవి చప్పుళ్ళు, పురుగు రొద, దూరంగా దొడ్లో పశువుల మెడ గంటలు, గుడ్లగూబ సణుగుడు. పద్యం బొమ్మని ఆర్పేసి మొదలవుతుంది! చేతిలో అద్దం పెట్టుకుని తిరిగే మనిషి, చూపు మీద అంత మోజున్నవాడు, తన గొప్ప పద్యంలో చేసిన మొదటి పని దీపం తీసెయ్యడం. చచ్చిపోయినవాళ్ళు, పేరు లేకుండా పోయినవాళ్ళు, వాళ్ళని ఎక్కడని చూపిస్తాడు? చూపించడానికేమీ లేదు కాబట్టే చెవికి వదిలేశాడు.

ఇదంతా వింటుంటే సిద్ధాంతం వాళ్ళు ఏమన్నారని అడుగుతారు. 1766లో జర్మనీలో లెస్సింగ్, బొమ్మది స్థలం, కవిత్వానిది కాలం, ఎవరి పొలం వాళ్ళు దున్నుకోండి అని గట్టు వేసేశాడు. అది అందరికీ తెలిసిందే. దానికి తొమ్మిదేళ్ళ ముందే, 1757లో, ఎడ్మండ్ బర్క్ అన్న మాట నాకు ఇంకా ఇష్టం. అవును, తర్వాత వారన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో అభియోగం నడిపిన బర్కే, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడు. మాటలు మనసులో బొమ్మ గీస్తాయని అందరూ అంటారు, అలా ఏమీ జరగట్లేదు, బొమ్మ గీయకుండానే మాట పనిచేస్తుంది అన్నాడు. సాక్ష్యం ఎవర్ని తెచ్చాడో తెలుసా, థామస్ బ్లాక్‌లాక్ అనే స్కాట్లండు కవిని. పసిబిడ్డగా ఉండగానే మశూచి వచ్చి రెండు కళ్ళూ పోయాయి ఆయనకి. రంగులు, వెలుగులు, కొండలు, అన్నీ కళ్ళున్నవాడిలాగే రాశాడు, చదివినవాళ్ళకి ఆ అనుభూతీ కలిగింది. మరి ఆయన మనసులో ఏ బొమ్మ ఉంది? ఇక్కడ నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే పద్యం చదవగానే కళ్ళకు కట్టినట్టుంది అని మెచ్చుకోవడం మనకీ అలవాటు, ప్రబంధాల మీద సమీక్షలన్నీ ఆ మాటతోనే నడుస్తాయి. కళ్ళకు కట్టడం అంత పెద్ద సంగతైతే బ్లాక్‌లాక్ కవి ఎలా అయ్యాడు?

అప్పటి పెద్ద విమర్శకుడు డాక్టర్ జాన్సన్ సంగతి రెండు ముక్కల్లో. ఆయనకి చూపు సరిగ్గా ఆనేది కాదు, రెనాల్డ్స్ అంత పెద్ద పెయింటర్ దగ్గరి స్నేహితుడు, అయినా 1759లో రాసిన కథలో ఒక పాత్రతో, కవి పని ట్యూలిప్ పువ్వు మీద చారలు లెక్కపెట్టడం కాదు అనిపించాడు. దీనిమీద చాలా తగువులున్నాయి. నేను జాన్సన్ వైపు కాదు, చారలు లెక్కపెట్టినవాళ్ళే నాకిష్టం, లెక్కపెట్టి ఊరుకోకూడదు అంతే.

అలాంటివాడు జేమ్స్ థామ్సన్, అసలు నేను ఇవాళ మాట్లాడదామనుకుంది ఈయన గురించే, చూడండి టైమెంతయిందో. 1700లో పుట్టాడు, స్కాట్లండు. 1726లో వింటర్ వేశాడు, 1730కి నాలుగు ఋతువులూ కలిపి సీజన్స్ అయింది, విలియం కెంట్ గీసిన బొమ్మలతో, పైన మబ్బుల్లో దేవతలు, కింద పొలాలూ మనుషులూ. మన ప్రబంధాల్లో ఋతువర్ణన కథకి మధ్యలో వచ్చిపోతుంది, ఈయన కథ తీసేసి ఋతువునే నాయకుడిగా పెట్టాడు. తర్వాత 1748లో ఇంకో కావ్యంలో లొరేన్ మెత్తటి రంగు, రోసా మొరటు విసురు, పుస్సేన్ పాండిత్యం అని ముగ్గురు పెయింటర్ల పేర్లు ఒక్క ఊపులో చెప్పేశాడు, ఆ రెండు లైన్లు పట్టుకుని ఈయన్ని మాటల క్లాడ్ అనడం మొదలెట్టారు. వసంతంలో హాగ్లీ పార్కు వర్ణన చూస్తే నిజమే అనిపిస్తుంది, దగ్గర్లో చెట్ల గుబురు, తర్వాత పల్లెలు, చివర ఎక్కడో మబ్బుల్లాగా వేల్స్ కొండలు. కానీ అక్కడా కన్ను పరుగెడుతూ ఉంటుంది, తడబడుతుంది, ఒకచోట నిలబడదు.

1727లో న్యూటన్ పోయినప్పుడు ఈయన ఒక స్మృతి పద్యం రాశాడు. న్యూటన్ గాజు పట్టకంతో తెల్లటి వెలుగుని ఏడు రంగులుగా విడదీశాడు కదా, ఆ ఏడూ వరసగా వస్తాయి. ఎరుపు మంటలా దూకుతుంది, నారింజ, నోరూరించే పసుపు, ఆకుపచ్చ, నీలం, ఇండిగో వచ్చేసరికి మంచు బరువుకి అంచులు వేలాడే సాయంకాలంలా వాలుతుంది, చివరికి వెలుగు ఊదాలో సొమ్మసిల్లి చచ్చిపోతుంది. రంగుల పట్టీ ఇచ్చినట్టు ఇవ్వలేదు, ఎరుపు పుట్టింది, ఊదా పోయింది, మధ్యలో ఒక రోజు గడిచింది. సైన్సు తెలిశాక ఇంద్రధనుస్సు అందం పోయిందని తర్వాత తరం కవులు ఏడ్చారు, థామ్సన్‌కి తెలిశాకే రుచి పెరిగింది.

కవీ పెయింటరూ అయిన బ్లేక్ గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. గ్రే పద్యాల అచ్చు పేజీలు తీసుకుని, పెద్ద కాగితాల మధ్య కిటికీల్లా అమర్చి, చుట్టూ నీటిరంగులేశాడు 1797 ప్రాంతంలో, మొత్తం 116 బొమ్మలు, శిల్పి ఫ్లాక్స్‌మన్ తన భార్యకి కానుకగా ఇవ్వడానికి చేయించుకున్నాడు. అక్కడ బొమ్మ పద్యానికి దాసీ కాదు, చుట్టుముట్టి కూర్చుంటుంది.

1798లో రాయల్ అకాడమీ అనే లండన్ చిత్రకారుల సంస్థ వాళ్ళు ఎగ్జిబిషన్ క్యాటలాగులో బొమ్మ పేరు కింద కవిత్వం వేసుకోవచ్చు అని ఒప్పుకున్నారు. పెయింటర్ టర్నర్ అప్పటికి ఇరవై మూడేళ్ళ కుర్రాడు, వెంటనే వాడుకున్నాడు. బటర్‌మియర్ సరస్సు మీద వాన వెలిసినప్పటి బొమ్మ, కింద థామ్సన్ వసంతంలోంచి కొన్ని లైన్లు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క తెంచి కుట్టుకున్నాడు. పడమట సూర్యుడు తొంగిచూస్తాడు, కొండ వెలుగుతుంది, భూమికి అటొక కాలు ఇటొక కాలు వేసినట్టు ఇంద్రధనుస్సు లేస్తుంది, ప్రతి రంగూ విప్పుకుంటుంది అని. బొమ్మ చూస్తే, ప్రొజెక్టర్ ఉంటే చూపించేవాణ్ణి, ఆ ధనుస్సు దాదాపు తెల్లగా ఉంటుంది. రంగులన్నీ లైన్లకి వదిలేసి తను వెలుగొక్కటే వేశాడు.

థామ్సన్ పద్యం అక్కడ ఆగలేదు. న్యూటన్‌ని ఒకసారి తల్చుకుని, ఆ వెంటనే ఒక పల్లెటూరి కుర్రాణ్ణి తెస్తాడు. వాడికి పట్టకాలూ అవీ ఏం తెలుసు, పొలాల మీద వంగిన ఆ మెరుపుని చూసి పట్టుకుందామని పరిగెత్తుతాడు, వీడు పరిగెత్తేకొద్దీ అది ముందుకి పారిపోతుంది, ఆఖరికి మొత్తం మాయమైపోతుంది. టర్నర్ క్యాటలాగులో వేయించుకున్న ముక్క సరిగ్గా ఆ కుర్రాడు రాకముందే ఆగిపోతుంది.